వేసవి శిబిరం నుంచి గ్రంథాలయ వారోత్సవాల దాకా: మా మండల లైబ్రరీలో నా అనుభవం

మా మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయానికి నేను మొదట వెళ్లింది డీఎస్సీకి చదువుకోవడానికి. ఇంట్లో చదువు సాగదు, విజయవాడ వెళ్లి కోచింగ్ తీసుకునే స్తోమత లేదు, లైబ్రరీలో అయితే కరెంట్ అఫైర్స్ మ్యాగజైన్లు, నాలుగు పేపర్లు, పైన ఫ్యాను ఉంటాయి, పైగా గ్రూప్స్‌కీ పోలీసు ఉద్యోగాలకీ చదివేవాళ్లు పక్కన కూర్చుని ఉంటే మనకీ లేవబుద్ధి కాదు. అలా రోజూ వెళ్తుండగా ఒక ఏప్రిల్‌లో లైబ్రేరియన్ మేడమ్ నా టేబుల్ దగ్గరికొచ్చి, "అమ్మాయ్, సెలవుల్లో పిల్లలకి శిబిరం పెట్టమని ఆర్డరొచ్చింది. నేనొక్కదాన్నే ఉన్నాను. నువ్వు కాస్త సాయం పడతావా?" అని అడిగారు. ఎలాగూ టీచర్ ఉద్యోగానికే కదా చదువుతున్నాను, సరేనన్నాను. ఆ సాయం నవంబర్‌లో వారోత్సవాల దాకా వెళ్లింది, ఇప్పటికీ నడుస్తోంది. ఇలాంటి పని మీ ఊళ్లో చేద్దామనుకునే వాళ్లకి పనికొస్తుందని అంతా రాస్తున్నాను.

మా లైబ్రరీ రెండు గదులు. ముందు గదిలో పొడుగు బల్లలు, పేపర్లు. వెనక గదిలో పుస్తకాల బీరువాలు. పొద్దున 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7, శుక్రవారం సెలవు. మనిషి ఒక్కరే. తాళం తీసేదీ, ఊడ్చేదీ, పేపర్లు సర్దేదీ, పుస్తకాలు ఇచ్చి రాసుకునేదీ, జిల్లా ఆఫీసుకి లెక్కలు పంపేదీ ఆవిడే. పొద్దున రిటైరైన పెద్దవాళ్లు వస్తారు, సాయంత్రం మాలాంటి వాళ్లం. ఆడవాళ్లు మాలో ఒకరిద్దరు తప్ప రారు. పిల్లలైతే అసలు లేరు, పక్క వీధిలోనే హైస్కూల్ ఉన్నా సరే. ఆ బడి పిల్లల్ని అడిగితే "అది పేపర్లు చదివే తాతయ్యలది కదక్కా" అన్నారు.

శిబిరం గురించి పైనుంచి వచ్చే కాగితంలో ఏం చేయాలో రాసి ఉంటుంది: కథలు చదివించడం, చెప్పించడం, బొమ్మలు, ఆటలు, ఇంగ్లీషులో మాట్లాడించడం. దేనితో చేయాలన్నది మనం చూసుకోవాలి. డ్రాయింగ్ షీట్లు, రంగు పెన్సిళ్లు బజార్లో స్టేషనరీ షాపాయన ఇచ్చాడు. క్యారమ్ బోర్డు మాతో చదువుకునే అబ్బాయి ఇంట్లోంచి తెచ్చాడు, మంచినీళ్ల క్యాన్లు పంచాయతీ పంపింది. అడిగితే ఇచ్చేవాళ్లు ఊళ్లో ఉన్నారు, ఇది నాకు చాలా ధైర్యం ఇచ్చిన సంగతి. ఒక్కటి మాత్రం ముఖ్యం, బడులు మూయకముందే వెళ్లి హెచ్ఎం గారిని కలిసి ప్రేయర్లో చెప్పించుకోవాలి. సెలవులిచ్చాక పిల్లల్ని పోగేయడం మహా కష్టం, సగం మంది అమ్మమ్మల ఊళ్లకి వెళ్లిపోతారు. మేము ప్రేయర్లో చెప్పించడమే కాక సాయంత్రం పూట నేనూ ఇంకో అమ్మాయీ వీధుల్లో తిరిగి తల్లులకి చెప్పాం. వాళ్లు మమ్మల్ని అడిగిన ప్రశ్నలు రెండే, డబ్బులు కట్టాలా, ఎండెక్కకముందే వదిలేస్తారా. కట్టక్కర్లేదు, 11 లోపు పంపేస్తాం అన్నాక చాలామంది ఒప్పుకున్నారు.

మొదట్లో అందరి కళ్లూ క్యారమ్ బోర్డు మీదే. నేనేమీ బాధపడలేదు, ఆటకొచ్చినా లైబ్రరీ గడప తొక్కారు కదా. అయితే పుస్తకం దగ్గరికి వాళ్లని తీసుకెళ్లడం ఎలాగన్నదే అసలు పని. కూర్చోబెట్టి "చదవండి" అంటే బడిలాగే ఉంటుంది, పారిపోతారు. అందుకని నేనే ఒక జానపద కథ పైకి చదవడం మొదలుపెట్టాను. రాక్షసుడికి ఒక గొంతు, ముసలమ్మకి ఒక గొంతు పెట్టి చదివాను. కథ మధ్యలో ఉండగా ఆపేసి "మిగతాది రేపు" అని పుస్తకం బల్ల మీదే వదిలేసి వెనక గదిలోకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఐదో తరగతి పిల్ల ఒకతి ఆ పుస్తకం పట్టుకుని అక్షరం కింద వేలు పెట్టుకుంటూ చదువుతోంది, చుట్టూ ఏడెనిమిది మంది తలలు వంచి చూస్తున్నారు. ఒత్తు దగ్గర ఆగినప్పుడల్లా పక్కనున్న పెద్ద పిల్లవాడు అందిస్తున్నాడు. తొందర పెట్టేవాళ్లూ లేరు, నవ్వేవాళ్లూ లేరు, అందరికీ రాక్షసుడు ఏమయ్యాడో కావాలి. ఆ పిల్ల బడిలో బాగా వెనకబడిందని తర్వాత వాళ్ల టీచర్ చెబితే నాకు నమ్మబుద్ధి కాలేదు.

అక్కడినుంచి మాకు కావాల్సింది ఇంకా పుస్తకాలు, అవేమో బీరువాల్లో తాళాలేసి ఉన్నాయి. పిల్లల పుస్తకాల బీరువా తీసి చూస్తే కొన్ని పుస్తకాల వెనక అంటించిన తేదీ చీటీ మీద ఒక్క స్టాంపు కూడా లేదు, అంటే ఎవరూ ఇంటికి తీసుకెళ్లనే లేదు. కొత్తవి, గ్రంథాలయాలకి పుస్తకాలిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ, కలకత్తాలోని రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ వాళ్లు పంపినవి, లోపల లైబ్రరీ ముద్రలు పడి నంబర్లు పడి అలాగే ఉన్నాయి. దీనికి మేడమ్‌ని తప్పుపట్టే వాళ్లుంటారని చెబుతున్నాను, ఆవిడ పరిస్థితి వేరు. స్టాక్ వెరిఫికేషన్ అప్పుడు పుస్తకం తగ్గితే జవాబు చెప్పాల్సింది ఆవిడే, ఒక్కోసారి జేబులోంచి కట్టాల్సి వస్తుంది. ఒక్క మనిషి ముందు గదిలో కూర్చుని వెనక గది ఎలా కాపలా కాస్తుంది? తాళం వేసుకోక ఏం చేస్తుంది? ఊరి లైబ్రరీల్లో బీరువాలు మూసి ఉండటానికి నేను చూసినంతలో పెద్ద కారణం ఇదే, బద్ధకం కాదు.

కాబట్టి తాళం తీయించాలంటే లెక్క అప్పజెప్పే మనుషులు కావాలి. మేము చేసిందేమిటంటే, రోజూ కొన్ని పుస్తకాలు లెక్కపెట్టి ఒక బల్ల మీద పరిచేవాళ్లం, ఆ బల్లకి ఎనిమిదో తరగతి వాళ్లని వంతులవారీగా బాధ్యులుగా పెట్టాం. నోట్‌బుక్‌లో నంబరు, పేరు రాసుకుంటారు, 11 అయ్యేసరికి లెక్క సరిచూసి మేడమ్‌కి ఇస్తారు. ఆ బాధ్యత కోసం పిల్లలు పోటీపడ్డారు. వారం తిరక్కుండానే మేడమ్ తనే వచ్చి ఇంకో బీరువా తాళంచెవి నా చేతిలో పెట్టారు. చినిగిన అట్టలకి అట్టలేసే పని కూడా పిల్లలే తీసుకున్నారు.

శిబిరం అయిపోతే పిల్లలు మళ్లీ మాయమైపోతారేమో అన్న టెన్షన్ నాకు మొదటినుంచీ ఉండేది. ఇంటికి పుస్తకం తీసుకెళ్తేనే తిరిగివ్వడానికైనా వస్తారు. దానికి సభ్యత్వం కావాలి, ఫారం నింపాలి, పెద్దవాళ్ల సంతకం కావాలి, కొద్దిగా డిపాజిట్ కట్టాలి. చిన్న మొత్తమే, మానేసినప్పుడు వెనక్కి ఇస్తారు కూడా, కానీ కూలికి వెళ్లే ఇంట్లో ఆ చిన్నదీ రేపటికి వాయిదా పడుతుంది. "పుస్తకం పోతే ఎంత కట్టాలమ్మా" అన్న భయం ఇంకోటి. మా ఊరివాళ్లు అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్నారు, ఏటా గుడికీ బడికీ ఏదో ఒకటి పంపుతారు. వాళ్ల వాట్సాప్ గ్రూప్‌లో ఈ డిపాజిట్ సంగతి పెట్టించాం. చాలామంది స్పందించారు, కొందరు పుస్తకాలే పంపుతామన్నారు. వద్దని చెప్పాం, ఉన్న పుస్తకాలే బయటికి రావడం లేదు, ముందు డిపాజిట్లు కట్టండి అన్నాం. దాతలతో మాట్లాడేటప్పుడు మనకేం కావాలో కచ్చితంగా చెప్పడం మంచిది, లేకపోతే ఎవరింట్లో అక్కర్లేని పాత గైడ్లన్నీ లైబ్రరీకి చేరతాయి.

ఇక నవంబర్. ఏటా 14 నుంచి 20 దాకా జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు. 14 నెహ్రూ గారి పుట్టినరోజు, పిల్లల పండగ. ఆ తేదీకి ఇంకో కారణం కూడా ఉందని నేను ఈ పనిలో పడ్డాకే తెలుసుకున్నాను. 1919లో అదే నవంబర్ 14న మద్రాసులో అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ జరిగింది, దాని వెనకున్న మనిషి మన తెలుగునాట గ్రంథాలయోద్యమాన్ని నడిపిన అయ్యంకి వెంకటరమణయ్య గారు. 19 ఇందిరా గాంధీ పుట్టినరోజు కాబట్టి ఆ రోజు మహిళలకి ముగ్గుల పోటీలవీ పెడతారు, 20న ప్రైజులు, ముగింపు. మధ్యలో పుస్తక ప్రదర్శన, వ్యాసరచన, వక్తృత్వం, క్విజ్, కవి సమ్మేళనం ఏ రోజు ఏది పెట్టుకోవాలన్నది కొంత మన చేతుల్లో ఉంటుంది.

వచ్చే డబ్బు తక్కువ. అందులో ఫ్లెక్సీ, మైకు, కుర్చీలు, టీ పోగా ఏమీ మిగలదు. పైగా మా డెల్టాలో నవంబర్ అంటే వరి కోతలు, తుఫాన్ల కాలం. ఆడవాళ్లు పొలాల్లో ఉంటారు, ఎప్పుడు వాన పడుతుందో తెలియదు, బడుల్లో పరీక్షలు అడ్డొస్తాయి. కాబట్టి అక్టోబర్లోనే ఎంఈఓ (మండల విద్యాధికారి) గారిని కలిసి తేదీలు చెప్పడం, ఏ బడి ఏ రోజు వస్తుందో రాసిపెట్టుకోవడం చేశాం. ఒక్కో రోజు ఒక్కో బడి. అన్ని బడుల పిల్లల్నీ ఒకేరోజు పిలిస్తే జనం బాగా కనిపిస్తారు, ఫోటో బాగా వస్తుంది, కానీ పిల్లవాడు ఒక్క పుస్తకం కూడా పట్టుకోకుండా ఎండలో కూర్చుని వెళ్లిపోతాడు.

నేను పట్టుబట్టింది రెండు విషయాల మీద. ఒకటి, పుస్తక ప్రదర్శనలో పుస్తకం ముట్టుకోనివ్వాలి. మామూలుగా బల్లల మీద వరసగా నిలబెట్టి తాడు కడతారు, అతిథి రిబ్బన్ కట్ చేసి ఒకటి చేత్తో పట్టుకుంటారు, పిల్లలు లైన్లో అలా నడిచి వెళ్లిపోతారు. మేము తాడు కట్టలేదు, చాపలు పరిచాం, పుస్తకాలు మధ్యలో పోశాం. ఒక్కో బడికి గంట టైమిచ్చాం. రెండోది, వక్తృత్వంలో టీచర్ రాసిచ్చిన ఉపన్యాసం బట్టీపట్టి చెప్పే బదులు "నేను చదివిన పుస్తకం" అని ఏ పుస్తకం గురించైనా సొంతంగా చెప్పాలి, పుస్తకం మన లైబ్రరీదే అయి ఉండాలి. ఈ రెండో దానికి ఒకరిద్దరు టీచర్లు మొదట ఇష్టపడలేదు, పిల్లలు తడబడతారని. తడబడ్డారు కూడా. అయినా ఏడో తరగతి పిల్లాడొకడు తేనెటీగల మీద చదివింది చెబుతూ, రాణీ ఈగ పోతే పట్టులో ఏం జరుగుతుందో చేతులు తిప్పుతూ వర్ణిస్తుంటే, పేపరు చదువుకుంటున్న పెద్దవాళ్లు కళ్లజోడు తీసి వినడం నేను చూశాను. వాళ్ల నాన్న తేనె పట్లు తీసే మనిషి. పుస్తకంలో లేనివి కూడా నాలుగు కలిపి చెప్పాడు, అన్నీ నిజమే. జడ్జీలుగా వచ్చిన తెలుగు మాస్టారు వాడికే మొదటి బహుమతి ఇచ్చారు.

ప్రైజులు కూడా స్టీలు డబ్బాలు, మెమెంటోలు కాకుండా పుస్తకాలే ఇచ్చాం, లోపలి పేజీలో పిల్లల పేరు రాసి. ఇంట్లో తమ పేరున్న మొదటి పుస్తకం అదే చాలామందికి.

16న గ్రంథాలయోద్యమ పెద్దల్ని తలుచుకునే కార్యక్రమం ఉంటుంది. ఫోటోలకి దండలేసి నాలుగు మాటలు చెప్పి ముగించడం అలవాటు. నాకు మాత్రం ఆ కథలే పిల్లలకి అన్నిటికంటే బాగా చెప్పొచ్చనిపించింది, కొద్ది రోజులు ముందుగా చదివి సిద్ధమయ్యాను. 1914 ఏప్రిల్లో బెజవాడలో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిగితే, దానికి అధ్యక్షత వహించిన చిలకమర్తి లక్ష్మీనరసింహం గారికి చూపు లేదు. ఈ మాట చెప్పగానే పిల్లలు ఒక్కసారిగా "మరి ఆయన ఎలా చదివేవాడక్కా?" అన్నారు. ఎవరో చదివి వినిపిస్తే వినేవారు, ఆయన చెబితే ఎవరో రాసేవారు అని చెప్పాను. శిబిరంలో మేము పైకి చదివింది ఆ పిల్లలకి గుర్తొచ్చింది, "మనం చదివినట్టే" అనుకున్నారు.

తర్వాత పడవ గ్రంథాలయం. 1935లో పాతూరి నాగభూషణం గారు మా పశ్చిమ డెల్టా కాలువ మీదే, పెదవడ్లపూడి నుంచి కొల్లూరు వైపు పడవలో పుస్తకాలు వేసుకుని గట్టు మీది ఊళ్లకి ఇచ్చి పుచ్చుకునే ఏర్పాటు చేశారు. అప్పుడు జనం రాకపోకలన్నీ పడవల మీదే కదా. మా పిల్లలకి ఆ కాలువంటే ఈతకొట్టే చోటు, గుర్రపుడెక్క పెరిగే చోటు. దాని మీద పుస్తకాలు వచ్చేవంటే నోళ్లు తెరిచి విన్నారు. రోజూ పేపరుకొచ్చే తాతయ్య ఒకాయన లేచి, తన చిన్నతనంలో ఆ కాలువలో తెరచాప పడవల మీద ధాన్యం, అరటి గెలలు ఎలా వెళ్లేవో, గాలి లేనప్పుడు గట్టు మీద మనుషులు తాడు కట్టి పడవని ఎలా లాగేవాళ్లో చెప్పారు. ఆ రోజు పిలిచిన అతిథి ఆలస్యంగా వచ్చారు, ఎవరూ ఎదురుచూడలేదు.

ఇంకో సంగతి. తల్లిదండ్రుల్లో చాలామందికి లైబ్రరీ ఎవరో దయతో నడిపేదని అనుకోలు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలవుతుంది, అది జిల్లా గ్రంథాలయ సంస్థకి చేరాలి. ముగింపు రోజు నేను మా ఇంటి పన్ను రసీదు తీసుకెళ్లి ఆ వరస వేలితో చూపించాను. చేతులు మారుతూ ఆ రసీదు గది చివరిదాకా వెళ్లింది. ఒకావిడ, "అయితే మేమూ కడుతున్నట్టేగా, మరి మా పిల్లకి కార్డెందుకు లేదు?" అని గట్టిగానే అడిగారు. అక్కడికక్కడే ఫారం నింపించాం. వసూలైన ఈ పన్ను చాలాచోట్ల స్థానిక సంస్థల దగ్గరే బకాయిపడి గ్రంథాలయాలకి చేరడం లేదన్నది ఎప్పటినుంచో ఉన్న సమస్య. కొత్త పుస్తకాలు రాకపోయినా, ఖాళీ అయిన పోస్టులు నిండకపోయినా దాని మూలం చాలావరకు అక్కడుంది. ఊళ్లో నలుగురికి ఈ సంగతి తెలిస్తే గ్రామసభలో అడగొచ్చు. అడగాలి కూడా, ఇది మన డబ్బు.

ముగ్గుల పోటీ గురించి పెద్దగా చెప్పను, బాగా జరిగింది, వాన పడలేదు. దానికొచ్చిన ఆడవాళ్లని లోపలికి పిలిచి కూర్చోబెట్టి ఒక కథ చదివి వినిపించడం మాత్రం నాకు తృప్తినిచ్చింది. చదువు రానివాళ్లు కూడా కూర్చున్నారు. కథలో అత్తగారి మీద ఒకావిడ ఎంత కోపం తెచ్చుకుందంటే సగంలో ఆపి అందరం ఆ అత్తగారి గురించే మాట్లాడుకోవాల్సి వచ్చింది. "ఇలా మళ్లీ ఎప్పుడు పెడతారు?" అని వెళ్లేటప్పుడు అడిగారు.

నా అభిప్రాయం చెప్పాలంటే, వారోత్సవాలు వారంతో ఆగిపోతే దండలూ ఫ్లెక్సీలే మిగులుతాయి. అందుకే మేము ఆదివారం పట్టుకున్నాం. లైబ్రరీకి సెలవు శుక్రవారం, బడికి సెలవు ఆదివారం, అంటే పిల్లలకి ఖాళీ ఉన్న రోజు లైబ్రరీ తెరిచే ఉంటుంది. ఈ సౌకర్యం వాడుకోకపోవడం అన్యాయం. ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున ఒక గంట పైకి చదవడం, తర్వాత పుస్తకాలు మార్చుకోవడం జరుగుతోంది. నాకు పరీక్ష ఉన్న రోజుల్లో క్యారమ్ బోర్డు తెచ్చిన అబ్బాయి నడిపాడు, ఇద్దరు తొమ్మిదో తరగతి పిల్లలు సొంతంగా చదివి వినిపించే స్థాయికి వచ్చారు. మేడమ్ తన నెల రిపోర్టులో బాలల విభాగం కింద రాసే అంకెలు పెరిగాయని సంతోషంగా చూపిస్తుంటారు.

ఇప్పుడు చేతిలో ఉన్న పని, కాలువ అవతల ఉన్న ఊరు. అక్కడి పిల్లలు ఆదివారం రాలేరు, వంతెన దూరం, చిన్నపిల్లల్ని రోడ్డు మీద ఒంటరిగా పంపరు. అలాంటి ఊళ్లకి పుస్తక నిక్షిప్త కేంద్రం అని ఒక ఏర్పాటు ఉంది, శాఖా గ్రంథాలయం నుంచి కొన్ని పుస్తకాలు తీసుకెళ్లి అక్కడ పెట్టి మారుస్తుండటం. దానికోసం మేడమ్ ద్వారా అర్జీ పెట్టాం. ఆ ఊరి సర్పంచ్ గారు గ్రామ సచివాలయంలో ఒక బీరువాకి చోటిస్తామన్నారు, రిజిస్టర్ రాయడానికి అక్కడే డిగ్రీ చదివే అమ్మాయి ఒప్పుకుంది, నెలకోసారి పుస్తకాలు మార్చుకొచ్చే పని నేను తీసుకున్నాను. అనుమతి వస్తే సంక్రాంతి సెలవుల్లో మొదటి పెట్టె తీసుకెళ్తాం. తేనెటీగల పుస్తకం ముందు అందులో పెట్టమని మా వాడు ఇప్పటికే చెప్పిపెట్టాడు.